మహాత్ముని ఆహార నియమము

చంద్రపురమున రైలెక్కి నాగపూరు వైపు పోవువారు వరోరా, హింగన్‌ఘాట్ దాటిన పిమ్మట సేవాగ్రామ మను స్టేషనును చూచియే యుందురు. మన బడిపిల్లలలో పెక్కుమంది సెలవులకు పోవుట దక్షిణముగా మంచిర్యాల, పెద్దపల్లి, వరంగల్లు దిక్కునకే గాని ఆ దిక్కునకు గాదు. అందుచేత ఇంత చేరువలో నున్న ఆ గ్రామము మనలో కొందఱికి పాఠ్యపుస్తకములోని పేరుగానే మిగిలిపోయినది. గాంధీ మహాత్ముడు తన అరువదియేడవ యేట వచ్చి, మట్టిగోడల కుటీరమున వసించిన తావు అదియే.

ఆయన దేశస్వాతంత్ర్యమునకై చేసిన పోరాటమును మీరు తరగతిలో చదివియున్నారు. దానిని నేనిక్కడ మరల చెప్పబోను. ఆ మహాపురుషుడు ఇంచుమించు అరువది సంవత్సరములు విడువక చేసిన మఱియొక పని కలదు. తానేమి తినవలెనో, ఎంత తినవలెనో, తినినది తన శరీరమునకేమి చేసినదో పరీక్షించుట. పొరపాటు జరిగినచోట పొరపాటు జరిగినదని పదిమందికిని చెప్పి మరల మొదలుపెట్టుట. ఆ కథ ఇది.

దీని నెత్తుకొనుటకు కారణము మధ్యాహ్న భోజనవేళ బడి వరండాలో నేను చూచిన యొక చిన్న సంగతి. ఒక బాలుడు తన డబ్బా మూతను పూర్తిగా తీయక, సందులోనుండి జొన్నరొట్టె త్రుంచుకొని తినుచుండెను. ప్రక్కవాని చేతిలో మెఱయు పొట్లము, దానిలో నూనెలో వేయించిన బంగాళాదుంప ముక్కలు. రొట్టె తెచ్చినవాడు సిగ్గుపడుచుండెను, పొట్లము తెచ్చినవాడు గర్వపడుచుండెను. మన బడికి వచ్చు తల్లిదండ్రులలో చక్కెరవ్యాధి గలవారును, బరువు తగ్గవలెనని వైద్యులు చెప్పినవారును ఎందఱో నాతో తమ బాధ చెప్పుకొనుచుందురు. ఆ సిగ్గునకును ఈ వ్యాధులకును ఎక్కడనో సంబంధము కలదని నాకు తోచినది.

మోహనదాసు 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన గుజరాతు దేశమందలి పోర్‌బందరున వైష్ణవ కుటుంబమున జన్మించెను. ఆయన తల్లి పుత్లీబాయి గొప్ప నిష్ఠాపరురాలు. ఒక చాతుర్మాస్యమున సూర్యదర్శనము కానిదే భోజనము చేయనని ఆమె వ్రతము పూనెను. వానకాలమగుటచే పిల్లలు వాకిట నిలిచి మబ్బులవంక చూచుచు, సూర్యుడు కనబడగనే లోనికి పరుగెత్తి తల్లిని పిలుచుచుండిరి. ఆమె బయటికి వచ్చునప్పటికి సూర్యుడు మరల మబ్బుచాటున దాగును. ఆమె చింతింపక లోనికి పోయి తన పనిలో పడును. ఆహారవిషయమున మాట నిలుపుకొనుట యెట్టిదో ఆ బాలునకు మొదట తెలిసినది ఆ వాకిటనే.

అయినను బాల్యమున ఆయనయు తప్పినవాడే. ఆంగ్లేయులు మాంసము తినుటచేతనే బలవంతులై మనలనేలుచున్నారని ఆనాటి పాఠశాల బాలురలో ఒక నమ్మకముండెను. ఒక స్నేహితుని మాట విని మోహనదాసు రహస్యముగా మాంసము తినెను. ఏడాది కాలములో అట్టి విందులు ఆరింటికి మించలేదు. కాని విందు జరిగిన రోజున ఇంట ఆకలి లేదని తల్లితో అబద్ధమాడవలసి వచ్చెడిది. ఆ అబద్ధము భరింపలేక ఆయన ఆ అలవాటును మానెను. తోటివారు తినుచున్నారని తినుట, ఇంట దాచుట అనునవి నేటి పొట్లములతో పుట్టినవి కావని చూపుటకే ఇది చెప్పితిని.

1888 సెప్టెంబరులో ఆయన న్యాయశాస్త్రము చదువుటకై సీమకు ఓడనెక్కెను. పోవుటకు ముందు తల్లి ఆయనచేత మద్యమాంసములు ముట్టనని ప్రమాణము చేయించెను. లండనులో ఉప్పుకారములు లేని ఉడికిన కూరలు, రెండు మూడు రొట్టెముక్కలు మాత్రమే ఆయనకు దొరకెడివి. మరల అడుగుటకు మొగమాటము. పరదేశమున మన భోజనము దొరకక ఆకలితో నుండుట యెట్టిదో, బొగ్గుగనులలో పనికై ఊరు విడిచి ఈ ప్రాంతమునకు వచ్చిన మన పూర్వులు ఎఱిగియుందురు. తిరిగి తిరిగి ఒకనాడు ఆయన ఫారింగ్డన్ వీథిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొనెను. అక్కడనే ఒక షిల్లింగు పెట్టి హెన్రీ సాల్టు అను నతడు శాకాహారమును సమర్థించుచు వ్రాసిన చిన్న పుస్తకమును కొనెను. అంతవరకు తల్లికిచ్చిన మాటకై మాంసము మానినవాడు, దానిని చదివిన పిమ్మట తన బుద్ధితో ఆలోచించి మానినవాడాయెను.

ప్రయోగములు అక్కడనుండియే ఆరంభమాయెను. ఇంటినుండి తెప్పించుకొను మిఠాయిలు, మసాలాలు మానెను. మునుపు చప్పగానున్నదని త్రోసివేసిన ఉడికిన పాలకూర ఇప్పుడు రుచిగా నుండెను. రుచి నాలుకలో కన్న మనస్సులో నెక్కువగా నుండునని ఆయన అప్పుడే గ్రహించెను. ఖర్చు తగ్గించుకొనుటకై ఒక గది యద్దెకు తీసికొని, ఉదయమున ఓటుధాన్యపు జావ, రాత్రి రొట్టెయు కోకోయు తానే సిద్ధము చేసికొనెడివాడు. బండి యెక్కక దినమునకు ఎనిమిది పది మైళ్లు నడిచెడివాడు. ఆ చలిదేశమున తాను జబ్బుపడకుండ దృఢముగా నుండుటకు ఆ నడకయే కారణమని ఆయన తరువాత వ్రాసెను. బరువు తగ్గింపగోరు పెద్దలు ఆ జావను, ఆ నడకను కలిపి చూడవలెను. ఒకటి పట్టి రెండవది విడుచువారే మనలో ఎక్కువ.

1891లో న్యాయవాది పట్టము పొంది, స్వదేశమునకు వచ్చి, 1893లో దక్షిణాఫ్రికాకు పోయెను. అక్కడి సత్యాగ్రహ చరిత్రము పెద్దది. మన విషయమునకు కావలసినది జోహాన్నెస్‌బర్గు నగరమున ఆయన ఇంటనున్న ఒక ఇసుఱురాయి. అంగడిలో దొరకు తెల్లని మరపిండిపై నమ్మకము లేక, ఏడు పౌనులు పెట్టి ఇనుపచక్రము గల చేతిమరను కొనెను. దానిని ఒక్కడు త్రిప్పుట కష్టము, ఇద్దఱకైన సులభము. బారిస్టరుగారును, ఆయన మిత్రుడు పోలకుదొరయు, పిల్లలును ప్రతిదినము ఆ మరను త్రిప్పెడివారు. పొట్టుతో కూడిన ఆ పిండితో ఇంటనే రొట్టె కాల్చెడివారు. పేరుమోసిన వకీలు తన పిండి తాను విసరుకొనుట అక్కడివారికెంత వింతగా నుండెనో ఊహింపుడు. ఆ పిల్లలకు దానివలన చక్కని వ్యాయామము కూడ దొరకినది.

ఆయన పట్టుదలలో మొండితనమును కలదు. దానిని దాచి చెప్పుట సరికాదు. కస్తూరిబాయి రక్తస్రావముతో బాధపడుచున్నప్పుడు ఉప్పును పప్పును మానుమని ఆయన చెప్పెను. మీకే వైద్యుడట్లు చెప్పిన మీరు మాత్రము మానగలరా యని ఆమె అడిగెను. ఆ క్షణముననే తాను ఒక యేడాదిపాటు రెండును మానితినని ఆయన ప్రకటించెను. ఆమె కన్నీరు పెట్టుకొని, నేను మానెదను, మీ వ్రతము విడువుడని వేడుకొన్నను ఆయన వినలేదు. ఆమె మానెను, కోలుకొనెను. ఉప్పుపప్పులు మానుటచేతనే కోలుకొనెనని నేటి వైద్యులు చెప్పరు. కాని యింటిలో ఒకరికి పథ్యము చెప్పునప్పుడు చెప్పువాడును దానిని పాటించుట యను పద్ధతి మాత్రము మన ఇండ్లకు మిక్కిలి అవసరము. తండ్రికి చక్కెరవ్యాధి వచ్చినదని ఆయనకొక్కనికి రొట్టె కాల్చి, తక్కినవారు ఆయన యెదుటనే పూరీలు తినుచున్నచో, ఆ పథ్యము ఎన్నాళ్లు నిలుచును?

1910లో ఆయన మిత్రుడు కాలెన్‌బాకు ఇచ్చిన 1,100 ఎకరముల భూమిలో టాల్‌స్టాయి క్షేత్రము వెలసెను. అక్కడ వేరుసెనగలు నూరి వెన్నవలె చేసికొని, పొట్టుతోడి గోధుమరొట్టెకు పూసికొని తినెడివారు. తోటలోని నారింజలతో మురబ్బా చేసికొనెడివారు. 1912లో ఆయన పాలు త్రాగుట మానెను. ఆ పాలు మానుటయే తరువాత ఆయన ప్రాణము మీదికి వచ్చెను.

1915లో స్వదేశమునకు మరలి వచ్చిన గాంధీ 1918లో ఖేడా జిల్లాలో ఊరూర తిరుగుచు, వేరుసెనగ వెన్నయు నిమ్మకాయలును ముఖ్యాహారముగా చేసికొనెను. ఆ వెన్నను మితిమీరి తినుటచే కడుపు చెడెను. ఒక పండుగనాడు ఉపవసింపదలచియుండియు, భార్య ప్రేమతో చేసిన తీపి గోధుమజావను, పెసలను చూచి నిగ్రహింపలేక కడుపునిండ తినెను. గంట గడువకమునుపే తీవ్రమైన రక్తవిరేచనములు పట్టుకొనెను. మృత్యువు దగ్గఱకు వచ్చినదని ఆయనకే తోచెను. పాలు లేనిదే శరీరము కోలుకొనదని బొంబాయి వైద్యుడు డాక్టరు దలాల్ చెప్పెను. వ్రతము అడ్డు వచ్చెను. అప్పుడు మంచము ప్రక్కనున్న కస్తూరిబాయి, వ్రతము పట్టినది ఆవుపాలను గేదెపాలను తలచియే గదా, మేకపాలకేమి అభ్యంతరమని పలికెను. ఆయన లొంగెను, బ్రదికెను. వ్రతములో అక్షరము నిలిచినది గాని ప్రాణము పోయినదని ఆత్మకథలో ఆయనయే ఒప్పుకొనెను. మన దేశము ఆ మేకకు ఋణపడియున్నదని నేను తరగతిలో చెప్పగా పిల్లలు నవ్విరి. అది నవ్వుమాట మాత్రము కాదు.

ఇక మన తెలుగువారి పాలు గల ఘట్టము. 1929 వేసవిలో ఖాదీనిధికై ఆంధ్రదేశమున తిరుగుచు మహాత్ముడు రాజమహేంద్రవరము చేరెను. అక్కడ సుందరం గోపాలరావు అనునాయన ప్రకృతిచికిత్సాలయమును నడపుచుండెను. నిప్పు తగులని ఆహారమే మనుష్యునకు సహజమని ఆయన సిద్ధాంతము. మహాత్ముని మనస్సు అటు మొగ్గెను. నిజమునకు 1893లోనే ప్రిటోరియాలో ఆయన పచ్చియాహారమును కొలదిదినములు తిని చూచి, బలహీనుడై విడిచియుండెను. అయినను గోపాలరావుగారి మాటలవలన పాత కోరిక మరల మేలుకొనెను. ఎనిమిది తులముల మొలకెత్తిన గోధుమలు, అంతే తూకమున నూరిన బాదముపప్పు, అంతే తూకమున నూరిన పచ్చి ఆకుకూరలు, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె: ఇది దినమునకు ఆయన ఆహారము. ఎనిమిది తులములనగా నేటి లెక్కలో సుమారు 93 గ్రాములు. సబర్మతి ఆశ్రమమునకు మరలిన పిమ్మట ఇరువదిమందికి పైగా ఆశ్రమవాసులు ఆయనతో చేరిరి. ఎవరి శరీరమున నేమి మార్పు కలిగినదో ఆయన తన పత్రికలో ప్రకటించుచు, తెలిసిన వైద్యులను సలహా యడిగెను.

ఫలితమేమి? ఒక్కొక్కరే విడిచిరి. ఆయనయు బరువు కోల్పోయి నీరసించి, ఆగస్టులో రక్తవిరేచనములతో మంచము పట్టెను. మరల వండిన యాహారమునకును మేకపాలకును వచ్చెను. తన యోటమిని అదే పత్రికలో అందఱికిని తెలిపెను. వండుటవలన ధాన్యములలోని పిండిపదార్థము సులభముగా జీర్ణమగుననియు, పప్పులలో జీర్ణమునకు అడ్డువచ్చు కొన్ని పదార్థములు నశించుననియు నేడు మనకు తెలియును. నలువదియేండ్లు ఆహారమును పరిశోధించినవాడు, ఆరోగ్యము మీద అంత శ్రద్ధ గలవాడు, ఒక మూలకు అతిగా మొగ్గి దెబ్బతినెను.

ఇక్కడ నా సంగతి కొంచెము చెప్పుకొనక తప్పదు. ముప్పదియైదవ యేట నా బరువు మీద నాకు దిగులు కలిగి, పండ్లు మజ్జిగ తప్ప ఏమియు ముట్టనని పూనితిని. మొదటి వారమున మూడు కిలోలు తగ్గగా ఊరెల్ల చెప్పుకొంటిని. మూడవ వారమున బజారులో ఇడ్లీ వాసన తగులగానే నా దీక్ష ముగిసినది. పోయిన బరువు వడ్డీతో సహా తిరిగి వచ్చినది. మహాత్ముడు తన యోటమిని అచ్చువేయించెను, నేను నా యోటమిని ఎవరికిని చెప్పలేదు. భేద మంతయు అక్కడనే యున్నది. ఓటమిని వ్రాసి పెట్టుకొన్నవాడు తరువాతి మెట్టు ఎక్కగలిగెను.

ఆ తరువాతి మెట్టు మన పొరుగు జిల్లాలోనిది. 1934 డిసెంబరులో వార్ధాలో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము స్థాపితమాయెను. జమ్నాలాల్ బజాజ్ గారు తమ తోటను భవనమును ఇచ్చిరి. దానికి మగన్‌వాడి యని పేరు. జె. సి. కుమారప్ప గారు ఆ సంఘమును నడపిరి. దంపుడు బియ్యము, విసరిన పిండి, గానుగనూనె, బెల్లము: ఈ నాలుగింటిని గ్రామములలో నిలుపవలెనని ఆ సంఘము పనిచేసెను. బియ్యపుమర వచ్చిన ఊరిలో రెండు నష్టములు కలుగునని మహాత్ముడు చూచెను. దంపి బ్రదుకు పేదస్త్రీ కూలి పోవును, తినువాని బియ్యములోని సారము తవుడుతో పోవును.

ఈ రెండవ సంగతి తెలుగువారికి అనుభవమున తెలిసినదే. బియ్యపు గింజపై నుండు సన్నని పొరలోను, మొలకలోను బి1 అను విటమిను కలదు. మరలో తెల్లగా చేసినకొలది అది తవుడులో కలిసిపోవును. మిగిలిన తెల్లని అన్నమునే ప్రధానముగా తినువారికి బెరిబెరి యను వ్యాధి వచ్చును. కాళ్లు తిమ్మిరెక్కును, వాచును, గుండె బలహీనమగును. జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని బియ్యము తినిన కోళ్లకు అట్టి జబ్బు వచ్చుటయు, పొట్టుతోడి బియ్యము పెట్టగా నయమగుటయు కనిపెట్టెను. ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినదియు 1929లోనే. మన దేశమున ఈ వ్యాధికి పేరుపొందిన ప్రాంతము ఉత్తర సర్కారులు, అనగా తెలుగు సముద్రతీరపు జిల్లాలు. ధాన్యమును ముందుగా ఉడికించి ఆరబెట్టి దంపు అలవాటున్న ప్రాంతములలో ఆ వ్యాధి లేదు. ఉడికించునప్పుడు విటమిను గింజ లోపలికి ఇంకుటయే దానికి కారణము. ఎంత తెల్లనైన అన్నము తినిన అంత గొప్పవారమని మన పెద్దలు కొందఱు తలచిరి. దాని మూల్యమును వారి బిడ్డలు చెల్లించిరి.

ఈ పరిశోధనలకు నిలయమైనది నీలగిరులలోని కూనూరు పోషకాహార పరిశోధనశాల. దాని అధ్యక్షుడు డాక్టరు ఐక్రాయిడ్ గారి ఆహారవిషయక పరిశోధనలను మహాత్ముడు శ్రద్ధతో గమనించెను. మగన్‌వాడిలో ఆయన పళ్లెమున మనము పారవేయు ముల్లంగి ఆకు, కారట్ ఆకు చేరెను. వానిని కడిగి, కొంచెము పచ్చిగానే తినెడివాడు. 1929లో మూడుపూటలకు సరిపడ పచ్చియాహారము తినబూనినవాడు, ఇప్పుడు వండిన భోజనము ప్రక్కన ఔన్సు రెండౌన్సుల పచ్చియాకుతో తృప్తిపడెను. సోయాచిక్కుడును కూడ 1935లో ఆశ్రమవాసులకు పెట్టి చూచెను. నేడు విదర్భ పొలములలో ప్రత్తితో కలిసి జొన్న స్థానమును ఆక్రమించినది ఆ సోయాయే. కాని మనమది వండుకొని తినము, నూనెకును పశువుల దాణాకును అమ్ముదుము.

1936 ఏప్రిల్ 30వ తేదీన ఆయన వార్ధాకు కొలదిదూరమున నున్న సేగాఁవ్ గ్రామమునకు చేరెను. 1940లో దానికే సేవాగ్రామమని పేరు వచ్చినది. అక్కడి భోజనము మసాలాలెఱుగనిది. ఉడికించిన కూర, రొట్టె, పాలు, బెల్లము, ఆకులు. పెద్ద నాయకులు వచ్చినను అదే పంక్తి, అదే వడ్డన. అతిథులలో కొందఱు లోలోపల విసుగుకొనిరని చెప్పుదురు. ఉప్పుకారములకు అలవాటుపడిన నాలుకతో నేను వారిని తప్పుపట్టలేను.

1942లో ఆగాఖాన్ భవనమున బందీగా నుండి మహాత్ముడు ఆరోగ్యమును గూర్చి చిన్న గ్రంథము వ్రాసెను. కూర్చుండి పనిచేయువానికి దినమునకు ఎంత ఆహారము కావలెనో అందులో తూకముతో చెప్పెను. ఆవుపాలు రెండు పౌనులు, ధాన్యములన్నియు కలిపి ఆరు ఔన్సులు, ఆకుకూరలు మూడు, ఇతర కూరగాయలు ఐదు, పచ్చివి ఒకటి, నెయ్యి ఒకటిన్నర, బెల్లమో చక్కెరయో ఒకటిన్నర ఔన్సు. పండ్లు రుచికిని జేబుకును తగినట్లు. ఆరు ఔన్సుల ధాన్యమనగా సుమారు 170 గ్రాములు. కూరలన్నియు కలిపి తొమ్మిది ఔన్సులు, అనగా ధాన్యముకన్న కూర ఎక్కువ. మన ఇండ్లలో ఒక్క పూట అన్నమునకు కొలిచి పోయు బియ్యమెంతయో, ప్రక్కన వండు కూర యెంతయో తల్లులు ఒకసారి తూచి చూతురుగాక. కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయని పేరు పొందినది. ఆ సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలోను, ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదని కలదు. తక్కినది పప్పులు, కూరలు, పాలు, పండ్లు, గింజలనుండి రావలెను. పప్పు విషయమున వారి మాట మహాత్ముని మాటకన్న గట్టిది. పాలు అంతగా కొనలేని యింట పప్పు తప్పనిసరి.

అట్లని మహాత్ముని పళ్లెమును పిల్లల యెదుట పెట్టరాదు. డెబ్బదియవ యేట ఆయన బరువు 46.7 కిలోలు. ఆయన యెత్తునకు అది తక్కువయే. అంత నియమముగా నుండియు వార్ధక్యమున అధిక రక్తపుపోటుతో బాధపడెను. ఎదుగు బిడ్డలకు, గనులలో ఎండలో కాయకష్టము చేయువారికి ధాన్యము, పప్పు ఎక్కువగా కావలెను. మాంసము తినని వ్రతము ఆయనది. గ్రుడ్లు, చేపలు తిను ఇండ్లవారు తిన్నను ఆయన తూకపు లెక్క చెడదు. వారు నేర్చుకొనదగినది మఱియొకటి: ధాన్యమును పొట్టుతో తినుట, ఆకుకూర మానకుండుట, తీపిని నూనెను కొలుచుకొనుట, ఒక పూట తప్పినను మఱుపూట మరల దారికి వచ్చుట.

అందునకు కావలసిన దంతయు మన చుట్టునే యున్నది. ఈ జిల్లా తూర్పుభాగమున వరి, పడమటి భాగమున జొన్న పూర్వమునుండి పండునవే. మనము పుంటికూర యనునదే మరాఠీవారి అంబాడీ. మన మునగాకే వారి శేవగా. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ మాటలాడు మన పిల్లలకు కూరగాయల సంతలో రెండు పేర్లు తెలిసియుండుట ఒక మేలు. ఆ డబ్బా మూత సగము తెఱచిన బాలుని ప్రక్కన మఱునాడు నేనును నా జొన్నరొట్టె, పుంటికూర పప్పు తెచ్చుకొని కూర్చుంటిని. వాడు నా డబ్బాలోనికి తొంగిచూచి, తమ యింట దానిలో పచ్చిమిరపకాయలు ఇంకను ఎక్కువ వేయుదురని చెప్పెను. మూత పూర్తిగా తీసెను.

1944 ఫిబ్రవరి 22వ తేదీన కస్తూరిబాయి ఆ ఆగాఖాన్ భవనముననే కన్నుమూసెను. మేకపాల మాట చెప్పి ఒకనాడు ఆయన ప్రాణము నిలిపిన తల్లి ఆమె. ఆ యేడే మహాత్ముడు విడుదల పొందెను. 1946 ఆగస్టులో విడిచి పోయిన పిమ్మట ఆయన సేవాగ్రామమునకు మరల రాలేదు. నౌఖాలీ, కలకత్తా, ఢిల్లీలలో మతకలహములను చల్లార్చుటలోనే ఆయన చివరి దినములు గడచెను. 1948 జనవరి 30వ తేదీన సాయంకాలము నాలుగున్నర గంటలకు ఢిల్లీ బిర్లాభవనమున ఆభా ఆయనకు భోజనము తెచ్చెను. మేకపాలు, ఉడికినవియు పచ్చివియునైన కూరలు, నారింజలు, అల్లము నిమ్మరసము కలిపిన కషాయము. సర్దారు పటేలుగారితో మాటలాడుచునే ఆయన దానిని ముగించెను. ప్రార్థనకు ఆలస్యమైనదని గడియారము చూచుకొని లేచి, మనుమరాండ్రిద్దఱి భుజములపై చేతులుంచి తోటలోనికి నడిచెను.